గుంతలు తవ్వబోయే నేల

అటవీ కార్యాలయంలో ఫ్యాను గాలికి ఫైళ్లు రెపరెపలాడుతున్నాయి. మూడేళ్లుగా గడ్డిమైదానంలో తేనెటీగల్ని లెక్కపెడుతున్న అమ్మాయి, అటవీ అధికారి అయిన బాబాయి ఎదుట నిలబడింది. సోమవారం ఆ మైదానంలో నలభై వేల మొక్కలు నాటబోతున్నారు.

"కూర్చోమ్మా. చెట్లు నాటొద్దని నా ఆఫీసుకొచ్చిన మొదటి మనిషివి నువ్వే."

"నీడ పడితే అక్కడి గడ్డీ పూలూ బతకవు బాబాయ్."

"అక్కడేముందని? ఖాళీ భూమి అని రాశాం."

"నూట పన్నెండు రకాల పూలమొక్కలు. ముప్పై ఆరు రకాల తేనెటీగలు."

"నాకొక్క తేనెపట్టూ కనబడలేదే?"

"ఇవి పట్టు పెట్టవు. తల్లి ఒక్కతే నేలలో బొరియ తవ్వుకుని గుడ్లు పెడుతుంది."

"ఎంత లోతు?"

"జానెడు."

"మేం తవ్వేది మూరెడు."

"తెలుసు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ముప్పై ఏళ్లుగా ఇలాంటి నేలల్లోనే గుంతలు తవ్వించాను. రెండు అవార్డులు కూడా ఇచ్చారు."

ఆ అవార్డులిచ్చిన సభలో చప్పట్లు కొట్టిన పిల్లల్లో ఆమె కూడా ఉంది.

"ఈ తుది అనుమతి కాగితంలో అడవి, ఖాళీ అని రెండే గడులున్నాయి. దేనికి టిక్కు పెట్టను?"

"రెండూ కొట్టేయండి."

ఆయన రెండూ కొట్టేశాడు. పక్కన తీరిగ్గా ఏదో రాసి, కాగితం ఆమె వైపు తిప్పాడు. 'కాపురాలున్నాయి. నాటడం ఆపాలి.'

"ఎవరి కాపురాలని పైవాళ్లు అడుగుతారమ్మా."

"అడగనివ్వండి బాబాయ్. ఇంటిపేర్లతో సహా చెబుతాను."