గొడుగుల పాట

"ఎందుకు నన్నే" అని నన్నడుగుతావేంటే? పైన ఆఫీసులో మేనేజరు ఉన్నాడు, పోయి ఆయన్నడుగు. కింద మురికి గదికి ఎవరు పోవాలో ఆయన చెప్తాడు, నేను మీకు వినిపిస్తాను. లాండ్రీ ఇన్‌చార్జి అంటే ఏమనుకున్నావు? ఈ ఆస్పత్రి మా తాత కట్టించాడనుకున్నావా?

ఆ దుప్పటి వదులు ముందు. పిసికేస్తున్నావు దాన్ని. ఇస్త్రీ అయిపోయిందది.

తలుపు వేసి వచ్చి కూర్చో. మిషన్ల మోతలో నీకు వినపడదు, నాకు అరిచే ఓపిక లేదు.

సోమవారం నుంచి నీ పని కింద. వార్డుల నుంచి మూటలొస్తాయి. విప్పాలి, విడదీయాలి. రక్తపువి ఒక పక్క, వాంతులవి ఒక పక్క, ఉత్త చెమటవి ఒక పక్క. మడతల్లో సూదులుండిపోతాయి, కళ్లు పెట్టి చూసుకో. చేతులకి గ్లౌజులిస్తారు. ముక్కుకి గుడ్డిస్తారు, అది కట్టుకున్నా ఒకటే, కట్టుకోకపోయినా ఒకటే.

ఆయాసమా? నీకు ఆయాసమని నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుసే! పోయినేడాది ఆ కింది గదిలో మనిషి మానేసినప్పుడు మేనేజరు అన్నది నీ పేరే. "సార్, ఆ పిల్ల అక్కడ ఊపిరాడక పోతుంది సార్" అని అడ్డం పడిందెవరు? అప్పుడు రాలేదేం ఈ గదికి? "నన్నే ఎందుకు వదిలేశావక్కా" అని అడగలేదేం అప్పుడు?

సరే పోనీ. రైలు సినిమా ఎలా ఉందో చెప్పు.

అదేంటి అలా చూస్తావు? నిజంగానే అడుగుతున్నా. మొన్న టీ దగ్గర చెప్పావుగా, అందరి ముందు. మళ్లీ చెప్పు. ఫస్టాఫ్ లాగాడా? హీరో ముసలి వేషం కుదిరిందా? చెప్పవే!

చెప్పవు. నేను చెప్తా అయితే.

నువ్వు కొత్తగా ఇక్కడికి వచ్చినప్పుడు నోట్లో నాలుక లేదు నీకు. ఎవరేమడిగినా తల ఊపడమే. దుప్పటి చెరో కొసా పట్టుకుని మడత పెట్టేవాళ్లం నువ్వూ నేనూ. ఎదురెదురుగా పొద్దస్తమానం మొహం మొహం చూసుకుంటూ ఎంతసేపని? అందుకని సినిమా కథలు మొదలెట్టా. దుప్పటి విప్పితే హీరో ఎంట్రీ, మడత పడితే ఇంటర్వెల్. నువ్వు కొస పట్టుకుని నా దగ్గరికొచ్చి, "తర్వాతేమైందక్కా?" అని, మళ్లీ వెనక్కి వెళ్లేదానివి. గుర్తుందా?

నిన్ను మొదటిసారి హాల్లో కూర్చోబెట్టింది నేనే. పెళ్లయినాక ఒక్క సినిమా చూడలేదక్కా అంటే తీసుకెళ్లా. బయటికొచ్చాక దారంతా వాగుతూనే ఉన్నావు. మర్నాడు మన వ్యాన్ బాబాయి విని, "నోరులేని పిల్లనుకున్నాం, ఇది పిచ్చుకరా బాబూ" అన్నాడు. అదే పేరైపోయింది నీకు.

అప్పట్నించీ మన నలుగురం. బట్టల వ్యాన్ తోలే బాబాయి, ఇస్త్రీ బల్ల దగ్గర వదిన, నువ్వూ, నేనూ. సోమవారం టీ వచ్చిందంటే చాలు, కోర్టే! బాబాయికి ఫైట్లుంటే సినిమా బాగున్నట్టే. వదినకి విలన్‌కి కూడా పెళ్లి కావాలి. నువ్వు బట్టలు చూసి మార్కులేస్తావు. నేను చెప్పాక తీర్పు. అవునా కాదా? ఆడుతుందంటే ఆడింది, పోతుందంటే పోయింది. నేను ఇన్‌చార్జి అయ్యాక కూడా మీతోనే తాగాను టీ. పైన ఆఫీసువాళ్లకి కుర్చీలున్నాయి, ఫ్యానుంది. వెళ్లానా?

మా ఆయన సంగతి నీకు తెలుసు. "రెండు గంటలు చీకట్లో కూర్చోడానికి టిక్కెట్టెందుకే, ఇంట్లో లైటార్పేస్తే పోలా?" అంటాడు. ఆయనతో ఏ సినిమా గురించి మాట్లాడను నేను?

ఆ గురువారం పొద్దున ఫోన్ చేశావు. "బుడ్డోడికి జ్వరమక్కా, ఒళ్లు కాలిపోతోంది." ఆ గొంతులో వణుకు! నేను ఒక్క ప్రశ్న వేశానా? "ముందు వాణ్ణి చూసుకోవే, ఇక్కడ నేనున్నా" అన్నా. ఆ రోజు వదినకి ఎటూ సెలవే. ఉన్నదాన్ని నేనొక్కదాన్నే. ఒక కొస గడ్డం కింద నొక్కిపట్టి, రెండోది చేతుల్తో లాక్కుంటూ, నేలకి తగిలినవి మళ్లీ ఉతుక్కి వేస్తూ చేశా నీ పని. మధ్యాహ్నం ఎందుకో మనసాగక నేనే ఫోన్ చేశా. "తగ్గలేదక్కా" అన్నావు. వెనకాల జనం గోల. "అదేంటే?" అంటే, "టీవీ అక్కా" అన్నావు.

జ్వరంతో ఉన్న పిల్లాడి పక్కన టీవీ అంత గట్టిగా పెడతారా అనుకున్నా. అంతే అనుకున్నా. నా బుద్ధి అంతకు మించి పోలేదు.

శనివారం వచ్చావు. బుడ్డోడు లేచి ఆడుకుంటున్నాడన్నావు. హమ్మయ్య అనుకున్నా. ఆదివారం పొద్దున పిలిచా, రైలు సినిమాకి పోదాం వస్తావా అని. "మా ఆయన నిన్న రాత్రే తీసుకెళ్లాడక్కా" అన్నావు. మొగుడు సినిమాకి తీసుకెళ్తే నేనెవర్ని కాదనడానికి? ఒక్కదాన్నే పోయి చూసొచ్చా.

ఇక సోమవారం టీ. నువ్వే ఎత్తుకున్నావు. "ఫస్టాఫ్ లాగాడు గానీ అక్కా, ఆ గొడుగుల పాట కోసం ఇంకోసారి చూడొచ్చు. స్టేషనంతా ఎర్ర గొడుగులే, ఆ అమ్మాయి గౌను మాత్రం తెలుపు, అబ్బ!" అన్నావు.

ఏ గొడుగుల పాట?

నేను చూడలేదు ఆ పాట. స్టేషనుంది, వానుంది, పాట లేదు. కునుకు తీశానేమో అనుకున్నా. రోజంతా నిలబడే ఒళ్లు కదా, ఏసీలో కూర్చుంటే కన్ను మూతపడి ఉంటుంది. అయినా సినిమా మధ్యలో నిద్రపోయానని మీ ముందు ఎలా చెప్పను? "అవునవును, ఆ గొడుగులు భలే ఉన్నాయి" అన్నా. నేను! చూడని పాటని మెచ్చుకున్నా. వదిన బల్ల కింద నీ కాలు తొక్కింది, బాబాయికి టీ పొలమారింది. నాకేమీ తట్టలేదు.

సాయంత్రం డ్యూటీ దిగి మళ్లీ పోయా ఆ హాలుకి. ఎందుకో తెలుసా? ఆ పాట చూద్దామని. మర్నాడు నువ్వు మళ్లీ ఎత్తితే సరిగ్గా మాట్లాడదామని. రెప్ప వెయ్యకుండా కూర్చున్నా. స్టేషనొచ్చింది. వానొచ్చింది. పాట రాలేదు.

బయటికొస్తూ టిక్కెట్లు చింపే ఆయన్నడిగా. "గొడుగుల పాటా? ఎప్పుడో తీసేశారమ్మా! మొదటి రోజు ఆ పాట రాగానే జనం లేచి బయటికి పోయారు. ఆ రాత్రే కత్తిరించేశారు. శుక్రవారం నుంచి లేదు" అన్నాడు.

మొదటి రోజంటే ఏ రోజే పిచ్చుకా? గురువారం. మీ బుడ్డోడి ఒళ్లు కాలిపోయిన గురువారం.

ఆగు, ఆగు. ఏడవకు, ఇంకా అవలేదు. సెలవు పెట్టి సినిమాకి పోయావని కాదు నా కోపం. ఎవరు పోలేదు! నేను పోలేదా? మా అత్తగారిని ఎన్నిసార్లు మంచాన పడేశానో, ఆవిడ బతికున్న రోజుల్లో ఆవిడకే తెలియదు.

మంగళవారం బాబాయిని పట్టుకున్నా, వ్యాన్‌లో మూటలెక్కించే చోట. ఆయనకి అబద్ధం చెప్పడం చేతకాదు, చెవులు ఎర్రబడిపోతాయి. "నువ్వు ఆ రోజు వ్యాన్ ఎక్కడ ఆపావు బాబాయ్?" అన్నా. అంతే. మొత్తం కక్కేశాడు. ముగ్గురూ పోయారు. వదిన సెలవు రోజు చూసుకుని, బాబాయి ఖాళీ ట్రిప్పు చూసుకుని, నువ్వు కొడుక్కి జ్వరం తెప్పించి. 

"నిన్ను పిలుద్దామనే అనుకున్నామమ్మా. కానీ నీ పక్కన కూర్చుంటే సినిమా కనపడదు, నువ్వే కనపడతావు కదా" అన్నాడు. బాబాయి మాట నిజమే, నాకా అలవాటుంది. ముందే చెప్పేస్తాను. ఏడుపొస్తే గట్టిగా ఏడుస్తాను. సరే, పోండి, ఒకసారి నేను లేకుండా హాయిగా చూసుకోండి. అంతవరకైతే మింగేసేదాన్నే.

ఇంటర్వెల్లో ఏం చేశావు నువ్వు?

చెప్పు. నాలా చేసి చూపించావా లేదా? కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, చీదుతూ, "చూస్తూ ఉండండే, ఇప్పుడా తండ్రి పోతాడు, నేను చెప్తున్నాగా!" అని. వెనక వరసవాళ్లు కూడా నవ్వారట. బాబాయి చెప్తూ చెప్తూ తనే నవ్వాడు, నా మొహం చూసి ఆపుకున్నాడు. నేను ఫోన్ చేసింది అప్పుడే అయ్యుంటుంది. ముగ్గురూ ష్ ష్ అనుకుంటూ నా మాట విని ఉంటారు. నేను ఇక్కడ దుప్పటి గడ్డం కింద పెట్టుకుని, "తడిగుడ్డ వేస్తూ ఉండవే నుదుటి మీద" అని చెప్తున్నా మీకు.

సరే, అది కూడా పోనీ. వేషాలెయ్యడం నేను నేర్పిందేగా నీకు.

ఫోన్ పెట్టేశాక ఏమన్నావు? వదిన, "పాపం, ఒక్కత్తే చేస్తోందర్రా" అందట. దానికి నువ్వేమన్నావు? "ఆవిడకి ఇంటికెళ్తే మాట్లాడే దిక్కు లేదు వదినా, అందుకే మన ప్రాణాలు తోడుతుంది. పోనీలే అని వింటున్నాం."

అన్నావా, లేదా?

పోనీలే అని! ఇన్నేళ్లూ "తర్వాతేమైందక్కా" అని నువ్వు అడిగింది పోనీలే అనా? దుప్పటి కొస పట్టుకుని నా మొహంలోకి చూస్తూ కళ్లు పెద్దవి చేసేదానివే, అది కూడా పోనీలేనా? మా ఆయన నాతో మాట్లాడడని నీకు తప్ప ఎవరికైనా చెప్పానా నేను? నువ్వు దాన్ని తీసుకెళ్లి ఇంటర్వెల్లో పంచిపెట్టావు.

కాళ్లు పట్టుకోకు. లే. నేల తడిగా ఉంది.

ఇప్పుడు విను. ఎందుకు నన్నే అని అడిగావు కదా, చెప్తా. మేనేజరు నీ పేరు అనలేదు. బుధవారం నన్ను పైకి పిలిచి, "కింద పెద్దావిడ చేతులు పొక్కిపోయాయట, పైకి మార్చమని డాక్టరు రాశాడు. బదులుగా ఇస్త్రీ ఆవిడని దించుదాం, దుప్పట్లు కాలుస్తోందని గొడవగా ఉంది" అన్నాడు. తేలిపోయిందక్కడ. నేను ఊ అంటే చాలు. నీ దాకా వచ్చేదే కాదు.

నేనే అన్నా. "వదిన వద్దు సార్, పిచ్చుకని దించండి" అన్నా.

ఆయన తల ఎత్తి చూశాడు. "ఆ అమ్మాయికి ఆయాసం కదా? పోయినసారి నువ్వేగా చెప్పావు?" అన్నాడు. చూడు, గుర్తుంది ఆయనకి. పెద్దమనిషే.

"అదంతా నటన సార్. సెలవుల కోసం. నన్నే నమ్మించింది" అన్నాను.

అవును. అన్నాను. నువ్వు రాత్రిళ్లు కూర్చునే నిద్రపోతావని తెలుసు. నోట్లో కొట్టుకునే ఆ పంపు మందు నీ కొంగు ముడిలో ఉంటుందని తెలుసు. ఒకసారి ఆవిరి ఎక్కువై నువ్వు నీలంగా అయిపోతే, బయటికి ఎత్తుకొచ్చి వీపు రుద్దింది ఈ చేతులే. అన్నీ తెలిసే అన్నాను. ఇక నువ్వు కింద దగ్గినా, కళ్లు తేలేసినా, భలే నటిస్తోంది అనుకుంటాడు. పైకి పోయి చెప్పుకుంటావా? చెప్పుకో. నిన్ను నమ్మమని చెప్పాల్సిన మనిషిని నేను.

వదినని ఎందుకు వదిలేశానంటావా? పాపం అంది కదా, ఆ ఒక్క మాటకి.

లేదు, నేను మళ్లీ పోయి చెప్పను. సాయంత్రం దాకా ఉంటాడాయన, మెట్లెక్కితే చాలు. ఎక్కను. రెండు రోజులుగా చూస్తున్నా, కడుపులో మంట తగ్గుతుందేమో, ఎక్కి చెప్పేద్దామనిపిస్తుందేమో అని. అనిపించలేదు. అనిపిస్తుందనుకున్నా నేను కూడా. మంచిదాన్నే అనుకున్నా నన్ను నేను.

నిన్న నిన్ను వార్డులకి పంపానే, కింద పెద్దావిడ్ని పైకి రప్పించి నీ చోట మడతలకి పెట్టి చూద్దామనే. చేతులకి కట్లు, అయినా చెయ్యి మంచిది. అంచుకి అంచు కలుపుతుంది, ముడత లేదు. కాసేపాగి అడిగా, "ఏమైనా సినిమాలు చూస్తావా?" అని. నా మొహం కూడా చూడలేదు. "ఎందుకమ్మా, తలనొప్పి" అంది. మళ్లీ సాయంత్రం దాకా నోరు విప్పలేదు. దగ్గరికొస్తుంది, కొస అందిస్తుంది, వెనక్కి పోతుంది.

ఏం చేస్తాం? పని తొందరగా అయిపోయింది నిన్న.