ఎమీలు దొర నుయ్యి

సరుగుడు తోట దాటాక ఓ నుయ్యి ఉంది చూడండి, పశువుల్ని కూడా ఎవరూ అటు తోలరు, దాన్ని తవ్వించింది ఎమీలు దొర. దొరంటే తుపాకీ దొర కాదర్రా, ఇరవయ్యారేళ్లవాడు, ఇళ్లకు పటాలు గీసే చదువు చదివినవాడు, వాళ్ల దేశాన్ని జర్మనీవాళ్లు ఆక్రమిస్తే తల్లినీ చెల్లినీ అక్కడే వదిలి ఓడెక్కి మన రేవులో దిగాడు.

అప్పట్లో మన ఊళ్లో పురుడు కష్టమైతే పడవెక్కించి ఏరు దాటించాలి, సగంమంది పడవలోనే పోయేవాళ్లు, అది చూసి ఇక్కడే పురుళ్ల ఆసుపత్రి కడతానని కూర్చున్నాడు. తాపీమేస్త్రీ అప్పలసూరి పెళ్లాం పారమ్మ అప్పుడు కడుపుతో ఉంది. దొర ఇసకలో పుల్లతో గదులు గీసి, ఇదిగో ఈ కిటికీ పక్కనే నీ భార్య మంచం, సముద్రం గాలి వస్తుంది అని వచ్చీరాని తెలుగులో చెప్పేవాడట. ఆ గీతల్ని తొక్కాలంటే సూరికి కాలు వచ్చేది కాదు.

ఇంతలో యుద్ధం మన ఒడ్డుకే వచ్చింది, సిమెంటంతా పటాలానికి పోయింది, పరాయి దేశస్థుడివి ఇక్కడ ఉండకూడదని పోలీసులు దొరకి చెప్పిపోయారు. ఎక్కడికి పోతాడు చెప్పండి? ఆసుపత్రి కోసం తవ్విస్తున్న నూతిలో నీళ్లు పడ్డాక పోతానన్నాడు. సూరి అడుగున తవ్వుతుంటే మిట్టమధ్యాహ్నం జపాను విమానాలు వచ్చాయి. పైన మట్టి లాగేవాళ్లు పరిగెత్తారు, తప్పేముంది, వాళ్ల పిల్లలు ఇళ్లలో ఉన్నారు. దొర ఒక్కడే మిగిలి, తాడు రాతి దిమ్మెకు రెండు చుట్లు తిప్పి, కొస నడుముకు కట్టుకుని, "సూరీ, పైకి రా, పట్టుకున్నాను" అన్నాడు. సూరి సగం ఎక్కేసరికి నేల అదిరింది, తాడు మాత్రం సడలలేదు. గట్టెక్కి చూస్తే దొర దిమ్మెను ఆనుకుని ఉన్నాడు, మెడలో బాంబు ముక్క.

వాళ్ల పద్ధతేమిటో ఎవరికీ తెలియదు, అక్కడే పాతిపెట్టారు. పోస్టుమాస్టరు చేత అతని తల్లికి రాయించిన ఉత్తరం, ఆ ఇంట్లో ఎవరూ లేరని యుద్ధం అయ్యాక తిరిగొచ్చింది. పారమ్మ సంగతంటారా, దొర పోయిన నెల తిరక్కుండా నొప్పులొచ్చి పడవలోనే పోయింది, బిడ్డా దక్కలేదు.

ఆ తర్వాత మొదలైంది. పొద్దు వాలే వేళకి నూతి దగ్గర నుంచి "సూరీ, పైకి వచ్చావా?" అని దొర గొంతు. వచ్చాను బాబూ అంటాడు సూరి, కాసేపాగి మళ్లీ అదే మాట. దగ్గరికెళ్లి చెప్పాడు, నేలమీద పడి చెప్పాడు, నువ్వు చచ్చిపోయావు బాబూ ఇక వదిలెయ్ అని కూడా చెప్పాడు, వినిపిస్తేగా. మనిషి లేని ఇంటికి తిరిగి నడుస్తుంటే అసలెందుకు పైకి వచ్చానా అనిపించేదట సూరికి. ముప్పయ్యేళ్లు అలా జవాబు చెప్పి చెప్పి అతనూ పోయాడు. అడిగేవాడు ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

పాపం కదా అని మీరెవరూ వెళ్లి జవాబు చెప్పకండి, మీ మాటా వినడు. పైగా ఆ గట్టు రాళ్లు ఊడిపోయి ఉన్నాయి, పడ్డారంటే అంత లోతుకు అందే తాడు మన ఊళ్లో ఎవరింట్లోనూ లేదు.