మా అక్క జాన పందొమ్మిది

టేపెందుకే అమ్మడూ, లోపల పెట్టెయ్. కిటికీ తెరకి గుడ్డ ఎంత కావాలో నేను చూసి చెప్తాగా. నా కన్నే కొలబద్ద. గొప్పలు పోతున్నాననుకునేవు, కాదు, ఇది పరోపకారం. ఊళ్లోవాళ్లకి టేపులు కొనే శ్రమ తప్పిస్తున్నాను. ఏంటీ, పోయినసారి నేను చెప్పిన వంటింటి తెర మోకాళ్ల దగ్గరే ఆగిపోయిందా? అది మీ నేల తప్పు, మరీ కిందికుంది. నవ్వు, నవ్వు. అచ్చం మీ నాయనమ్మ నవ్వే నీది.

అదే, మా అక్క. ఆవిడ కుట్టుగదిలోనూ ఉండేది ఓ టేపు, గుడ్డల మూట కట్టడానికి. దాని మీద అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి. కొలతంతా చేత్తోనే. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొసదాకా జాన, నాలుగువేళ్ల వెడల్పు బెత్తెడు. ఎంతటి మీసాలవాణ్ణయినా ఎదురుగా నిలబెట్టి, "పొట్ట బిగబట్టకురా, రేపు అన్నం తినాలి నువ్వు" అని వీపు మీద జాన వేసిందంటే, చొక్కా ఒంటికి అతికినట్టుండేది. అయితే ఏం లాభం? రెడీమేడ్ చొక్కాలొచ్చి పడ్డాయి. ఆరు మిషన్లలో నాలుగు ముసుగేసుకుని కూర్చున్నాయి. ఆ నెల పని దొరక్కపోతే గది మూసేసి, తనతో కుట్టే ఇద్దరు ఆడవాళ్లనీ ఇంటికి పంపెయ్యాల్సిందే. సరిగ్గా అప్పుడు బస్సు డిపో నుంచి కాగితం వచ్చింది. డ్రైవర్లకి నలభై చొక్కాలు, ముందు మచ్చుకి ఒకటి కుట్టి తెండి అని. కొలతలన్నీ సెంటీమీటర్లు! చెయ్యి యాభై ఏడట, నిడివి డెబ్భై ఆరట. అక్క ఆ కాగితాన్ని ఇటు తిప్పి అటు తిప్పి, "తమ్ముడూ, ఇది జానల్లో చెప్పరా" అంది.

ఇంకేం, నా పంట పండింది. నా కొలతల లెక్కల పుస్తకం తీశాను. జానంటే తొమ్మిది అంగుళాలు, అంగుళమంటే రెండు పాయింట్ ఐదు నాలుగు సెంటీమీటర్లు, అంటే జానకి ఇంచుమించు ఇరవై మూడు. చేతికి రెండున్నర జానలు, నిడివికి మూడు జానల బెత్తెడు. పెన్సిలు ముట్టుకోకుండా చెప్పేశాను, తెలుసా? అక్క అలాగే కత్తిరించింది.

డిపోలో స్టోర్సు ఆఫీసరు ఓ డ్రైవర్ని పిలిచి తొడుక్కోమన్నాడు. పాపం, కిందా మీదా పడి దూరాడు. స్టీరింగు పట్టుకున్నట్టు చేతులు చాపేసరికి చొక్కా చేతులు మోచేతుల దగ్గరికెళ్లి కూర్చున్నాయి, బొడ్డు బయటికొచ్చి అందర్నీ పలకరించింది. "ఇది నాకేనా అమ్మా, మా ఇంట్లో బొమ్మకా?" అన్నాడు. ఆఫీసరు కాగితం మడిచేస్తున్నాడు. నేను అందుకున్నాను: గుడ్డ ముడుచుకుందండీ, డ్రైవరుగారు ఈమధ్య ఒళ్లు చేశారండీ... అక్క నన్ను పక్కకి నెట్టి, ఆఫీసరు బల్ల మీదున్న స్కేలు లాక్కుని, దాని మీద చెయ్యి పరిచింది. "ఎంతండీ?" "పందొమ్మిదమ్మా." అంతే, పగలబడి నవ్వింది. "ఒరేయ్, నీ పుస్తకంలో జాన ఎవరిదిరా, ఎవడో వస్తాదుదా? కొలిచేది నేను కదరా!" అంది. నవ్వు ఆపుకుని ఆఫీసరు వైపు తిరిగి, "తప్పు నాదే సార్. నా చెయ్యెంతో నేనే చూసుకోలేదు. రేపు ఇదే వేళకి ఇంకోటి తెస్తాను" అంది. ఆయన మడిచిన కాగితం మళ్లీ విప్పాడు.

మర్నాడు అక్క జానతో లెక్క చూస్తే చేతికి సరిగ్గా మూడు జానలు, నిడివికి సరిగ్గా నాలుగు! పాయింట్లూ లేవు, బెత్తెళ్లూ లేవు. నలభై చొక్కాలూ మావే అయ్యాయి, మిషన్లు ముసుగులు తీశాయి. ఆ తర్వాత పని నేర్చుకోవడానికి ఆడపిల్లలు రావడం మొదలెట్టారు. వచ్చినదాన్ని వచ్చినట్టే, "ముందు స్కేలు మీద చెయ్యి పెట్టవే" అనేది. ఆ కుట్టుగది గోడ మీద పందొమ్మిది, ఇరవై, పదిహేడున్నర అని గీసి ఉంటాయి చూడు, అవన్నీ వాళ్ల జానలే. నువ్వేమో లాటరీ నంబర్లనుకున్నావు! ఆ పదిహేడున్నర ఇప్పుడు పన్నెండు మిషన్లు నడుపుతోంది.

నాకేం వచ్చంటావా? మూరలు, బారలు, గజాలు, మీటర్లు, ఏది అడిగినా ఏ దాంట్లోకైనా ఇట్టే మార్చి చెప్తాను. ఇన్నేళ్లొచ్చాయి కానీ, "తప్పు నాదే" అని అక్క అంత తేలిగ్గా అనడం మాత్రం నాకింకా రాలేదమ్మా.