వేటకి ఏం సర్దుకోవాలో తౌనో చెప్పగా విన్నది

తౌనో కథ మొదలెట్టాడంటే పొయ్యి మీద కాఫీ పొంగి పొర్లినా ఎవరూ లేవరని ఆ క్యాంపులో పేరు. నమ్మి వినేవాళ్ళెవరూ లేరు, అది వేరే సంగతి. తెల్లారితే దుప్పి వేట మొదలు. మిషిగన్ ఉత్తరపు కొసన, సుపీరియర్ సరస్సుకి కాస్త ఇవతల, అడవిలో ఉన్న ఆ చెక్క ఇంట్లో ఇనప పొయ్యి చుట్టూ ఆ సాయంత్రం నలుగురు చేరారు. క్యాంపుకి పెద్ద దిక్కు ఐలి, ఆవిడ తమ్ముడు తౌనో, తౌనోతో పాటు బళ్ళో చదివి ఇప్పటికీ అతన్ని భరిస్తున్న రూడీ, నాలుగోవాడు ఐలికి కొత్తగా అల్లుడైన నోలన్.

నోలన్‌ది డెట్రాయిట్, కార్ల ఫ్యాక్టరీలో పని. బతిమాలి ఒక్కరోజు సెలవు తెచ్చుకున్నాడు, రేపు చీకటి పడేసరికి మళ్ళీ దారి పట్టాలి. అందుకే అతని ప్రాణమంతా దేవదారు మంచె మీదే ఉంది. ఐలి తండ్రి కట్టిన మంచె అది, దుప్పులు నీళ్ళకి దిగే దారి మీద. రూడీకీ ఐలికీ ఎవరి మంచెలు వాళ్ళకున్నాయి. దేవదారు మంచె దొరక్కపోతే ఇక మిగిలేది రోడ్డు మంచె, దాని మీద కూర్చుంటే దుంగల లారీలు తప్ప ఇంకేం కనపడవు.

అయితే దేవదారు మంచెకి ఓ పద్ధతుంది. దుప్పికి గురిపెట్టి తప్పినవాడి చొక్కా తోక, అంటే నడుం కింద వెనక వేలాడే ఆ కొస, కత్తితో కోసి గోడకి మేకు కొడతారు. గోడ మీద తోక ఉన్నవాడు ఆ మంచె ఎక్కడానికి లేదు. రూడీ తోకలన్నీ కలిపి కుడితే కిటికీకి పరదా అవుతుంది. ఐలివీ ఉన్నాయి. లేనివాళ్ళు ఇద్దరే. ఇంకా ఒక్క తూటా పేల్చని నోలన్, జన్మలో గురి తప్పలేదని చెప్పుకునే తౌనో. ఇన్నేళ్ళూ అది తౌనో ఒక్కడిదే. ఇద్దరుంటే పెద్దవాడిదే మంచె, కాబట్టి ఈ ఏడూ అతనిదే.

నోలన్ తన సంచీ నేల మీద బోర్లించి సర్దుకుంటున్నాడు. మడత కుర్చీ, రెండు టార్చిలైట్లు, దిక్సూచి, చేతులు వెచ్చబెట్టుకునే పొట్లాలు, దుప్పి వాసనొచ్చే సీసా, దుప్పిలా అరిచే బూర. ఒంటి మీద, తోటి వేటగాళ్ళు దుప్పి అనుకుని కాల్చకుండా, కొత్త నారింజ రంగు కోటు, కదిలితే చాలు కరకరమంటోంది.

"ఏంటల్లుడూ, అడవిలో కాపురం పెడుతున్నావా?" అన్నాడు తౌనో.

"ఏం తీసుకెళ్ళాలో తెలీక అన్నీ తెచ్చా బాబాయ్. మీరేం తీసుకెళ్తారు?"

రూడీ కళ్ళు మూసుకున్నాడు. "అడిగేశావా? సరే, ఇంకో కట్టె వెయ్యి పొయ్యిలో."

తౌనో పక్కనున్న మూట ఎత్తి చూపించాడు. మాంసం, బంగాళాదుంప కూరి కాల్చిన పాస్టీ, మన కజ్జికాయని పదింతలు చేస్తే ఎంతో అంత. ఎరుపూ నలుపూ గళ్ళ గుడ్డలో చుట్టుంది. ఆ గళ్ళ ఉన్ని గుడ్డ ఆ అడవిలో ప్రతివాడి ఒంటి మీదా ఉంటుంది, ఎవరూ కన్నెత్తి చూడరు.

"ఇదీ సంగతి. వేడివేడిది గుండెలకి ఆనించి చొక్కాలో పెట్టుకో. మధ్యాహ్నం దాకా నిన్ను వెచ్చగా ఉంచుతుంది, మధ్యాహ్నం నువ్వు దాన్ని తింటావు. ఇంతకు మించి వేటగాడికి ఇంకేం అక్కర్లేదు. ఓ ఏడు నేను ఇదొక్కటే పట్టుకుని దేవదారు మంచె ఎక్కానంటే నమ్ముతావా?"

"తుపాకి?" అన్నాడు నోలన్.

"తుపాకి ఉందిలే. తూటాలే బల్ల మీద మర్చిపోయా. మర్చిపోవడమంటే నిర్లక్ష్యం కాదల్లుడూ, పాస్టీ మీద శ్రద్ధ. ఆ రోజు చలి ఎలాంటిదంటే, ఫ్లాస్కులోంచి కాఫీ వంచితే కప్పులో పడేలోపు కడ్డీ అయిపోయింది. పారెయ్యబుద్ధికాక దాన్ని పట్టుకు నడిచా, మంచు మీద జారకుండా."

"ఫ్లాస్కు ఎక్కణ్ణించొచ్చింది? పాస్టీ ఒక్కటే అన్నావ్," అన్నాడు రూడీ.

"ఫ్లాస్కు లెక్కలోకి రాదు. ఊరుకో. ఇంతలో వచ్చింది దుప్పి. దాని కొమ్ములు ఎంత వెడల్పంటే, రెండు చెట్ల మధ్య దూరాలంటే పాపం పక్కకి తిరిగి, పొట్ట బిగబట్టి నడవాలి. ఒక కొమ్ముకి ఎవరిదో దుప్పటి వేలాడుతోంది, వేసవిలో ఆరేసుకున్నదనుకుంటా. నేను తుపాకి ఎత్తా. ఖాళీ. దుప్పి నన్ను చూసింది, నేను దాన్ని చూశా. ఇద్దరికీ మొహమాటంగానే ఉంది."

ఐలి సాక్స్ కుడుతోంది. తలెత్తలేదు కానీ పెదవి కొసన నవ్వు ఆపుకుంటోంది. నోలన్ తన మంచె దిగులు మర్చిపోయి ముందుకి జరిగాడు.

"అప్పుడు చూశా, దాని ముక్కు నా చొక్కా వైపే అదురుతోంది. పాస్టీ వాసన. మా అక్క చేసిన పాస్టీ వాసనకి ఏ జీవి ఆగుతుంది? సగం విరిచి పెట్టా. తిని, మూతి నాకి, మిగతా సగం వైపు చూసింది. నేనన్నా, బాబూ, తూటాలు ఇంట్లో ఉన్నాయి, వెళ్ళి తెచ్చుకునేదాకా ఇక్కడే ఉంటే ఈ సగమూ నీదే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఉంది," అన్నాడు రూడీ.

"ఉండలా. వెంట వచ్చింది. ఒంటరిగా నిలబడ్డం దానికిష్టం లేదు. దారిలో నా తుపాకి కూడా కొమ్ములకి తగిలించుకు మోసింది. ఏటి మీద మంచు పలకలు పగులుతుంటే నన్ను వీపు మీదెక్కించుకుని దాటించింది. ఇలా ఇంటికొచ్చేసరికి ఇద్దరం గడ్డకట్టాం. నేను సౌనాలో, అదే మా ఆవిరి స్నానాల గదిలో, కట్టెలు రాజేశా. ఆవిరి చూసి అదీ లోపలికి దూరింది. ఏం చేస్తావ్, అతిథి. పైబల్ల మీద నేను, కింది బల్ల మీద అది. రాళ్ళ మీద నీళ్ళు చల్లినప్పుడల్లా హాయిగా మూలిగేది. సౌనా ఆనవాయితీ ప్రకారం బర్చి చెట్టు రెమ్మలతో దాని వీపు మీద కొట్టా. అది కొమ్ములతో నా వీపు గోకింది. అంత బాగా నా వీపు ఇంతవరకూ ఎవరూ గోకలేదు."

"తలుపులో ఎలా పట్టింది, కొమ్ములు అంత వెడల్పుంటే?" అన్నాడు రూడీ.

"పక్కకి తిరిగింది. చెప్పాగా, దానికి అలవాటే. ఇక స్నానమయ్యాక తూటాలు జేబులో వేసుకుని మర్యాదగా మంచె దాకా తీసుకెళ్ళా. అది తన చోట నిలబడింది, నేను నా చోట. ఎత్తా తుపాకి. అల్లుడూ, ఒకే ఆవిరిలో కూర్చున్నవాణ్ణి నువ్వు కాలుస్తావా? నావల్ల కాలేదు. దించేశా. మిగతా సగం పాస్టీ ఇచ్చి పంపేశా. అందుకే ఆ ఏడు ఊళ్ళో వేటాడి తెచ్చిన దుప్పుల్ని వేలాడదీసే దూలానికి నాది లేదు. ఒక్క తూటా పేల్చలేదు నేను."

"ఆ రోజు దేవదార్ల వైపు నుంచి పేలిన చప్పుడు నేను విన్నానే," అన్నాడు రూడీ.

"చలికి చెట్టు పగిలింది."

"చెట్టు పగిలాక చెట్టు బూతులు తిట్టడం కూడా విన్నా."

తౌనో అది వినపడనట్టు నోలన్ కోటు పట్టుకు నలిపి చూశాడు. కరకరమంది. "ఈ చప్పుడుకి దుప్పులే కాదు, చెవిటివాళ్ళు కూడా పారిపోతారు. విప్పు దీన్ని. ఉన్ని చొక్కా వేసుకో, నారింజ రంగు అరకోటు దానిపైన తగిలించుకో. ఇదుగో, నాది తీసుకో." మంచం కింద పెట్టె లాగి ఎరుపూ నలుపూ గళ్ళ చొక్కా ఒకటి తీసి అల్లుడి మీదికి విసిరాడు. "ఆ రోజు నా ఒంటి మీదున్నది ఇదే. దుప్పితో సౌనా చేసొచ్చిన చొక్కా. వేరేవాళ్ళకి ఇచ్చేవాణ్ణి కాదు. ఉంచేసుకో."

నోలన్‌కి నిజంగా సంతోషమైంది. పెళ్ళయ్యాక ఈ ఇంట్లో ఒకరు తమవాడిలా చూసి ఇచ్చిన మొదటి వస్తువు అది. తొడుక్కుని గుండీలు పెట్టుకున్నాడు. బాగా సరిపోయింది. పొయ్యికి వీపు పెట్టి నిలబడితే నడుం దగ్గర మాత్రం సెగ సూటిగా తగిలింది. చెయ్యి వెనక్కి పెట్టి తడుముకున్నాడు. ముందు కొస ఉంది, వెనక కొస లేదు. అడ్డంగా, తిన్నగా కోసేసి ఉంది.

అంటే తౌనోకీ ఓసారి గురి తప్పిందన్నమాట. నోరు విప్పితే దేవదారు మంచె తనదే. కానీ ఇప్పుడే కదా ఈ మనిషి చొక్కా ఇచ్చింది, అదీ నవ్వుతూ. ఆ మొహం చూస్తూ చెప్పడం ఎలా? చొక్కాని గబగబా ప్యాంటులోకి దోపుకోబోయాడు. దోపుకోవడానికి ఏమీ లేదు.

"అల్లుడూ, వెనక్కి తిరుగు," అంది ఐలి.

తిరగక తప్పలేదు. తౌనో మొహంలో రంగు మెల్లగా దిగిపోతోంది. ఆ చొక్కా సంగతి మాటల వేడిలో పూర్తిగా మర్చిపోయాడు పాపం.

నోలన్‌కి జాలేసింది. "బాబాయ్," అన్నాడు, "పాస్టీ వాసనకి ఆ దుప్పి చొక్కా కూడా కొరికిందా?"

తౌనోకి ఊపిరొచ్చింది. "అదీ, చెప్పడం మర్చిపోయా. సాగనంపేటప్పుడు వెనకనుంచి కొరికి నమిలి మింగేసింది. గుర్తుగా ఉంచుకుందామనుకుందో ఏమో. ఎంత ప్రేమో దానికి."

ఐలి సాక్స్ పక్కన పెట్టి లేచింది. తమ్ముడి పక్కనున్న పాస్టీ తీసి, చుట్టిన గుడ్డ విప్పి, పాస్టీని పళ్ళెంలో పెట్టింది. గుడ్డ దులిపి అల్లుడి నడుం దగ్గర ఆనించింది. గళ్ళకి గళ్ళు కలిశాయి. ఎప్పుడో చిరిగితే ఆవిడే నీలం దారంతో వేసిన కుట్టు సగం చొక్కా మీదుంది, మిగతా సగం గుడ్డ మీదుంది.

"దుప్పి మింగింది నీ పాస్టీ చుట్టూ ఎలా వచ్చిందిరా?" అంది.

రూడీ నవ్వు మొదలెట్టి దగ్గులోకి దిగాడు. తౌనో గుడ్డ వైపు చూశాడు, అక్క వైపు చూశాడు.

"ఎవరూ చూడకపోయినా నీ అంతట నువ్వే కోసుకున్నావు," అంది ఐలి, గొంతు కాస్త మెత్తబడి. "అది మన నాన్న నేర్పిన పద్ధతే. గోడ దాకా తేవడమే కష్టమైంది నీకు." సుత్తి తీసుకుని, గోడ మీద తండ్రి చొక్కా తోక పక్కన ఖాళీ చూసి, ఆ గళ్ళ గుడ్డని రెండు దెబ్బల్లో మేకు కొట్టేసింది. తర్వాత అల్లుడి వైపు తిరిగింది. "దేవదారు మంచె నీది. ఆ బూర ఇక్కడే వదిలెయ్."

నోలన్ తల దించుకున్నా పెదవుల మీద నవ్వు ఆగలేదు. తౌనో లేచొచ్చి అతని చొక్కా కాలరు సరిచేశాడు. "ఏటి వైపు చూస్తూ కూర్చో," అన్నాడు నెమ్మదిగా, "కుడివైపు నుంచి వస్తాయి. తొందరపడకు. నేను తొందరపడ్డా." జేబులోంచి తన తూటాల పెట్టె తీసి నోలన్ చేతిలో పెట్టాడు.

మళ్ళీ కూర్చుని, పళ్ళెంలో ఒంటరిగా ఉన్న పాస్టీ వైపు చూశాడు.

"మరి రేపు రోడ్డు మంచె మీదికి దీన్ని దేంట్లో చుట్టుకెళ్ళను?"

"నీ కథలో చుట్టుకో," అన్నాడు రూడీ, కాఫీ పోస్తూ. "పాస్టీకి సరిపోగా ఇంకా మిగుల్తుంది."