గద్ద బొమ్మ పళ్లెం

న్యూజిలాండ్‌లోని పామర్‌స్టన్ నార్త్‌లో ఓ ఇంటి వంటగది. ఆదివారం పొద్దున అత్తాకోడళ్లు మాట్లాడుకుంటున్నారు.

“అత్తయ్యా, పాత సామాన్ల షాపులో కొని మీరు దేవుడి దగ్గర పెట్టిన గాజు పళ్లెం ఉంది కదా, దాని మీద ఉన్నది గరుత్మంతుడు కాదు.”

“మరెవరు?”

“అమెరికా వాళ్ల ప్రభుత్వ ముద్రలో ఉండే గద్ద. ఒక కాలితో బాణాలు, ఇంకో కాలితో కొమ్మ పట్టుకుంది, చూడండి.”

“పట్టుకోనీ. రెక్కలు ఎంత కళగా ఉన్నాయో.”

“అది కాదు. నిన్న మీరు వాకింగ్‌కి వెళ్లినప్పుడు పక్కింటి హెలెన్ వచ్చి, దాన్ని చూసి ఏడ్చేసింది. రెండో ప్రపంచ యుద్ధమప్పుడు ఇక్కడికొచ్చిన అమెరికన్ సోల్జర్ ఒకతను ఇంటి నుంచి తెప్పించి వాళ్లమ్మకి ఇచ్చాడట. మొన్న ఇల్లు సర్దుతూ హెలెన్ భర్త పొరపాటున షాపుకి ఇచ్చేశాడు.”

“ఆ అబ్బాయి మళ్లీ వచ్చాడా?”

“లేదు, యుద్ధంలోనే పోయాడట. వాళ్లమ్మ ఆ తర్వాత వేరే పెళ్లి చేసుకుంది గానీ, పళ్లెం మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదట.”

“హెలెన్ తిరిగి ఇమ్మందా?”

“అడగలేదు. మీరు పూజ చేస్తున్నారని తెలిసి ఉంచుకోమంది.”

“వాళ్లమ్మ గుర్తు మన దగ్గరెందుకమ్మా? ఇచ్చేద్దాం.”

“అయితే ఇప్పుడే ఇచ్చొస్తాను.”

“ఆగు. ఎవరి పళ్లెమైనా ఖాళీగా తిరిగిస్తామా? నువ్వు రవ్వ వేయించు, నేను లడ్డూలు చుడతాను.”