నడిపెన్న ఇంటి తుపాకి తన్ను

ఇట్ల రాండి, ఇంకా దగ్గరికి జరగండి. అమ్మా, నువ్వు ఆ గోడ వదిలిపెట్టి ముందుకొచ్చి కూచో, నా గొంతు ఆడిదాకా రాదు. పెద్దమ్మ తల్లికి మనసులో ఒక దండం పెట్టుకోండి. పెట్టుకున్నారా? ఇంగ వినండి. మద్దిలేటమ్మ అని ఒక కోడలుండె. రాళ్ళచెలిమ అనే ఊర్లో నడిపెన్న కోడలు, ఓబులేసు పెండ్లాం. జొన్నదంటు మాదిరి సన్నగా ఉంటాదంట. ఆ ఇంట్లో ఒక నాటు తుపాకి ఉండె. గొట్టం నోట్లో మందు పోసి, మీద కొబ్బరిపీచు దట్టించి, ఆపైన సీసపు రవ్వలు పోసి కాల్చేది, అట్లాంటిది అనుకో. అది ఉత్త తుపాకి కాదు నాయనా, గట్టుమీద పెద్దమ్మ తల్లి తుపాకి. జాతరనాడు తెల్లవారుతూనే దాంతో ఒక అడవికోడి పుంజును కొట్టి, ఆ తోక ఈకలు అమ్మ తలమీద పెడితేనే ఊర్లో పొయ్యి రాజేసేది. ఆ కొట్టే హక్కు నడిపెన్న ఇంటిది. దెబ్బ మాత్రం ఒకటే, మళ్ళీ దట్టించేది లేదు. ఇప్పుడు అడవికోడిని కొడితే జైల్లో ఏస్తారులే, ఇది ఆ కాలం మాట, ఎవరూ తుపాకి ఎతుక్కుంటా లేచి పోబాకండి.

అయితే ఏమైందంటే, ఆ ఇంటికి ఒక ఆచారం. మందు పోసేటప్పుడు పోయిన పెద్దోళ్ళ పేర్లు చెప్పి ఒక్కొక్కరికి ఒక చిటికెడు వేయాల. మొదట్లో ఒకడే పెద్దాయన, ఒకటే చిటికెడు, బాగనే ఉండె. ఆయన కొడుకు పోయినాడు, ఇంకో చిటికెడు. ఆయన తమ్ముడు పోయినాడు, ఇంకో చిటికెడు. ఇండ్లల్లో చావులు ఆగుతాయా? ఆగవు. పోయినోళ్ళు పోయినట్టు వచ్చి గొట్టంలో కూచుంటాండారు. మందు పెరిగి పెరిగి, కాలిస్తే గాడిద ఎగిరి తన్నినట్టు తంతాంది. భుజం నల్లగా కమిలిపోతాంది. దానికి ఆ ఇంటి మగోళ్ళు సిగ్గుపడతారా? పడరు! జాతరలో పైగుడ్డ తీసి ఊరంతా చూపిస్తారు. "చూడండ్రా, మా అబ్బలు ఎంత బలంగా తన్నినారో!" అని. ఈళ్ళు భుజం చూపించుకుంటా ఉంటే ఆడ గొట్టం ఆకాశానికి లేచిపోతాంది, రవ్వలు పుట్టకొకటి గుట్టకొకటి పోతాండాయి, పుంజేమో కొక్కొరొకో అని కూసి దాని దోవన అది పోతాంది. వరసగా రెండేండ్లు అమ్మకు ఈక రాలే. ఊరి పెద్దలు చెప్పేసినారంట, ఏమప్పా నడిపెన్నా, అమ్మ తల బోసిగా ఉంటే ఊరికి మంచిది కాదు, ఈయేడు గూడా తప్పిందంటే తుపాకి గిడ్డయ్య ఇంట్లో పెడతాం అని. గిడ్డయ్య ఎవరనుకుంటిరి? ఎదురింటోడు. తుపాకి తగిలించేదానికి గోడకు మేకు గూడా కొట్టి పెట్టుకున్నాడంట!

ఆ ఏడే నడిపెన్న వాళ్ళన్న పోయినాడు. ఇంకో చిటికెడు. ఓబులేసు జాతరకు ముందు ఒకసారి కాల్చి చూస్తామని కాలిస్తే, తుపాకి తన్నిన తన్నుకు ఎల్లకిలా పడినాడు, భుజం కాడ ఎముక ఇరిగింది. మంచాన పడినాడు. నడిపెన్నకు చూస్తే చేతులు వణుకు. ముసలాయన గడపమీద కూచోని, "మా నాయన చేతినుంచి వచ్చింది, నా చేతిలో పోతాంది" అని ఏడ్చినాడంట. కోడలు వచ్చి, "నేను కాలుస్తా మామా. కొట్టేది ఈ ఇంటి మనిషి అన్నారు గానీ మగమనిషి అని ఎవరన్నారు?" అనె. "నీ మొగున్నే ఎత్తి కుదేసింది. నిన్నయితే ఆ వాగు వంక అవతల ఏస్తాదే!" అన్నాడు మామ.

ఆ యమ్మ ఊరుకుంటాదా? తుపాకి వంకకాడికి తీసకపోయి, చెట్టుకొమ్మ సందులో గట్టిగా కట్టి, ఎదురుగా ఒక పెద్ద విస్తరాకు నిలబెట్టి, దూరంగా నిలబడి తాడుతో లాగింది. ఢామ్మని కొమ్మే చిట్లింది. పోయి ఆకు చూస్తే, అంచున ఒక చిల్లి. నడిమధ్యన ఏమీ లేదు, అట్లనే అన్నం వడ్డించుకోని తినొచ్చు! ఇంటికొచ్చి తుపాకిని అమ్మ పటం ముందర పెట్టి, సాంబ్రాణి వేసి, తల్లీ, ఇదేం న్యాయం, మా పెద్దోళ్ళు మమ్మల్నే తంతాండారే అని కండ్లనీళ్ళు పెట్టుకుందంట. అప్పుడు ఆ పొగలో తల్లి ఏం తోపించిందో ఏమో, మద్దిలేటమ్మ లేచి నవ్విందంట. మళ్ళీ వంకకాడికి పోయింది. మందు తగ్గించింది, పీచు గట్టిగా దట్టించింది, రవ్వలు పెంచింది. తాడు లాగింది. ఈసారి కొమ్మ కదల్లేదు. ఆకు చూస్తే జల్లెడ!

మామతో చెప్తే ముసలాయన అగ్గైపోయినాడు. "మందు తగ్గిస్తావా? ఎవర్ని తీసేస్తావే? మా నాయన్నా? నిన్నగాక మొన్న పోయిన మా అన్ననా? చెప్పు, ఎవర్ని?"

"ఒక్కర్ని గూడా తీసేయను మామా. పెద్దోళ్ళను మందులో పెడితే వాళ్ళు మనకాడనే కాలి మన భుజమ్మీదనే తంతారు. పాపం, వాళ్ళకు గూడా అమ్మకాడికి పోవాలని ఉండదా? వాళ్ళను రవ్వల్లో పెడదాం. మందు అమ్మది, రవ్వలు పెద్దోళ్ళవి. అమ్మ తోస్తాది, వాళ్ళు పోతారు."

ముసలాయన కండ్లు తుడుచుకోని, "మా నాయనకు ముందునుంచీ నడిచేదంటే ఇష్టమేలే, రవ్వల్లోనే పోనీ" అన్నాడంట.

జాతరనాడు ఊరంతా అమ్మ గట్టుమీదికి చేరింది. మద్దిలేటమ్మ కొంగు నడుముకు బిగించి, తల్లీ పెద్దమ్మా అని కొంచెం మందు పోసింది. గిడ్డయ్య పకపకా నవ్వె. "ఏమ్మా, పోపు పెడతాండావా? ఆ మందుతో ఈగ గూడా సావదు!" "నువ్వు రెక్కలు ముడుచుకోని కూచో గిడ్డన్నా, ఈ పొద్దు ఈగల్ని కొట్టంలే" అనె ఆ యమ్మ. జనం ఒకటే నవ్వు. పీచు దట్టించింది. ఒక్కో పెద్దాయన పేరు చెప్పి గుప్పిట్లోనుంచి కొన్ని కొన్ని రవ్వలు వదిలింది. మామ పక్కన నిలబడి ఒక్క పేరూ తప్పిపోకుండా అందించినాడు. అంతలో ఎదురు బండమీదికి అడవికోడి పుంజు ఎక్కి మెడ చాపింది. ఎర్రగా, నిగనిగా, రాజు మాదిరి. తుపాకి లేచింది. టప్! అంతే శబ్దం. "పేలనే లేదురా!" అని గిడ్డయ్య నోరు తెరిచినాడు, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపాయ. బండమీద పుంజు లేదు. బండకింద ఉండాది!

తప్పెట్లు మోగినాయి చూడూ, గట్టు గట్టంతా అదిరిపోయింది. ఈకలు అమ్మ తలమీద నిలబడినాయి. ఊర్లో పొయ్యిలన్నీ ఒక్కసారి రాజుకున్నాయి. ఆడోళ్ళు మద్దిలేటమ్మ చుట్టూ మూగి, రైక పక్కకు జరిపి భుజం చూస్తిరి. నలుపు లేదు, వాపు లేదు, ఎరుపు గూడా లేదు. మామ ఆ పిల్ల తలమీద చెయ్యి పెట్టి, ఊరంతా ఇనేటట్టు అన్నాడంట, "అమ్మా మద్దిలేటీ, రేపు నేను పోయినాక నన్ను గూడా రవ్వల్లోనే ఎయ్యి. నా కోడలి భుజమ్మీద తన్నే పని నాకొద్దు."

ఇదీ కథ. తల్లి దయ. పుంజును కొట్టిందని మీరు గొప్పగా చెప్పుకోబాకండి, పుంజును ఎవరైనా కొడతారు. ఒక్కటి గుర్తు పెట్టుకోండి, ఆ యమ్మ ఒక్క పెద్దాయన పేరు గూడా వదల్లేదు, ఊరికే వాళ్ళ చోటు మార్చింది. ఆ ఒక్క పని మీ పిల్లోళ్ళకు చెప్పండి, మీ అత్తలకు మామలకు ఇంకా గట్టిగా చెప్పండి. ఏమ్మా, నీకే చెప్పేది, ఇంటికి పోతూనే చెప్తావు కదా?