పొగ ఆగిన ఆదివారం

హలో… ఆ, నేనే, హేమను. పెట్టెయ్యకు ఈరేశ్, జర ఇను.

…పేరు పెట్టి పిలుస్తే కోపమా? విడాకులైనంక ఇంకేమని పిలవాలె నిన్ను?

…కొట్లాడనీకె చెయ్యలే. స్ఫూర్తి గురించి చేసిన.

…లేదు, జ్వరం గిట్ల ఏం లేదు. పొద్దుగాల్నే తలకు పోయించుకుని, నువ్వు తెచ్చిన పచ్చ గౌను తొడుక్కుని గడపల కూసుంది. నీ కోసం.

…నేనేం చెప్పలే, నువ్వొస్తవని. అది చిమ్నీలు చూసింది.

…ఔ, మీ కరెంట్ ప్లాంట్ చిమ్నీలే. చిక్కసూగూరుల మా మిద్దె ఎక్కితే కనవడ్తయి కద. నువ్వు రాని ఆదివారాలు దానికి నేనేం చెప్పాలె? 'అగో పొగ, మీ నాన్న డ్యూటీల ఉన్నడు, పొగ ఆగితె వస్తడు' అని చెప్పిన. ఆరు నెలల సంది అదే చెప్తున్న. ఆ పొగ ఎన్నడూ ఆగదనుకున్న…

…నవ్వకు. వానలకు కరెంట్ అక్కర్లేదని అన్ని యూనిట్లు బంద్ పెట్టిండ్రంట గద. పొద్దున మిద్దె మీదికెళ్లి ఉరికొచ్చింది, 'అమ్మా, నాన్న డ్యూటీ అయిపోయింది' అనుకుంట.

…ఔ, తప్పు నాదే. బిడ్డ ముందల నిన్ను మంచోన్ని చేద్దామని చెప్పిన.

…మస్కికా? శిల్ప తల్లిగారింటికి… పో. నీ కొత్త పెండ్లాంతోటి పోవద్దని నేనంటనా? పొయ్యేటప్పుడు అర్ధగంట ఈడ దిగు. మీ క్వార్టర్ల కాడి బస్సు మా ఊరు మీదికెళ్లే కద రాయచూరుకు పొయ్యేది.

…మా పంపాపతన్న ఏమనడు. పోయినసారి అన్న నిన్ను గడప బైటనే నిలవెట్టిండు, అది తప్పే. ఆయన తరఫున నేను మాఫీ అడుగుతున్న. ఇయ్యాల అన్నను చేనుకు తోలుత. నువ్వు లోపలికొచ్చి కూసో, చాయ్ తాగు. శిల్పను గూడ తీసుకరా, నాకేం ఫికర్ లేదు.

…వచ్చి పోతె ఏడుస్తదా? ఏడ్వనియ్యి. నేను తుడుస్త. పోయిన నెల నువ్వు రాకపోతె ఏడ్వనే లేదు ఈరేశ్. నాకు అదే భయమైంది.

…జడ్జి ముందల దస్కత్ పెట్టినం, నిజమే. మొగుడు పెండ్లాలం కామని పెట్టినం. దానికి అమ్మ నాన్నలం కామని పెట్టినమా?

…సరే. రాకు. ఒక్క మాట దానికి నువ్వే చెప్పు. డ్యూటీ లేదు, ఊరికి పోతున్న, వచ్చే ఆదివారం వస్త అని. నిజం చెప్పు. అబద్ధం చెప్పుడు ఇంక నాతోని అయితలేదు.

…ఆగు, పిలుస్త. స్ఫూర్తీ… ఇటు రా బిడ్డా, నాన్న—

హలో? …ఈరేశ్? …హలో?

పెట్టేసినవా.

…ఆ? లేదమ్మా, లైన్ల ఉన్నడు. ఉండు… హలో, ఆ, చెప్పు… ఔనా? ఇయ్యాల గూడనా? సరే, చెప్త తీయ్.

స్ఫూర్తీ, నాన్నకు డ్యూటీ అంట బిడ్డా.

…నువ్వు మాట్లాడ్తవా? …వద్దు, నాన్నకు టైం లేదు… గుంజకు. సరే, ఇగో.

…ఏం ఇనొస్తలేదా? ఆడ మిషిన్ల చప్పుడు. దాంట్ల నాన్న మాట నీకు ఇనొస్తలేదు.

…

…ఔ. మిషిన్లు బందే ఉన్నయి.

…ఫోన్ ఆడ పెట్టు బిడ్డా. పెట్టి ఇటు రా.